ఓడమ్మ అరచేయి

మట్టిని తడిపి మనిషిని చేసిన చేతులకు స్తోత్రం. ఆ చేతుల్లోకి మేకులు దిగనిచ్చి, తిరిగి లేచిన తరువాత కూడా ఆ మచ్చలను దాచుకోని ప్రభువుకు స్తోత్రం. పొద్దున మంచం దిగాలంటే మోకాళ్ళను బతిమాలుకోవలసిన వయసు నాది. ఇప్పుడు రాయబోయేది సినిమా సంగతి, భక్తుడు రాయవలసిన సంగతి కాదని కొందరు అంటారు. కానీ మా నాన్న సంఘ కాపరి. ఆయన ఇంట్లో పుట్టినవాడు నీళ్ళు తాగే ముందు కూడా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటాడు. అందుకే ప్రభువు పేరు తలచుకోకుండా దీన్ని మొదలుపెట్టడం నాకు చేతకాలేదు.

పోయిన నెల మిర్యాలగూడ నుంచి మా మేనకోడలు ఎస్తేరు ఫోన్ చేసింది. వాళ్ళమ్మ, అంటే మా సుగుణక్క, వానాకాలంలో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మా బావ సాల్మన్ ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. సమాధి దగ్గర నేను ప్రార్థన ముగించినప్పుడు అందరూ ఆమెన్ అన్నారు, బావ అనలేదు. నేను విన్నాను, అంటే ఆయన గొంతు లేకపోవడాన్ని విన్నాను. ఆ తరువాత ఆదివారాలు గుడికి వెళ్ళడం మానేశాడు. టీవీ ముందు కూర్చుంటాడట, టీవీ మాత్రం పెట్టడట.

“సూర్యాపేటల ఓడ సినిమా కొత్తది వచ్చింది మామా,” అంది ఎస్తేరు. “ఎనిమిదోది. నువ్వు, యాదగిరి మామ ఇద్దరు రాండ్రి. వచ్చి నాన్నతోని కొట్లాడున్రి.”

“కొట్లాడుడేంది బిడ్డా?”

“ఎప్పట్లెక్కనే. ఏది మొదటిది, ఏది ఆఖరుది అని. మా ఇంట్ల ఆ లొల్లి లేక ఇల్లు ఇల్లులెక్క లేదు.”

తరువాత గొంతు తగ్గించి, ఇంతవరకు నాకు తెలియని ఒక మాట చెప్పింది. ఆ మాట అర్థం కావాలంటే ముందు ఓడ సినిమాల గురించి, మా ఇంటి గురించి చెప్పాలి.

ఆకాశంలో తిరిగే ఒక పెద్ద ఓడ, అందులో దారి తప్పిన కొందరు మనుషులు, ఒక్కో భాగంలో ఒక్కో లోకం. పరాయి దేశం సినిమాలు. తెలుగులో మాటలు వేసి మా వైపు పంపేవాళ్ళు. వాటి అసలు పేర్లు మాలో ఎవరికీ నోరు తిరిగేవి కావు. ఓడను నడిపే పెద్దావిడను మేము ఓడమ్మ అన్నాం. భాగాలకు కూడా మా పేర్లే పెట్టుకున్నాం. ఇసుక భాగం, కవలల భాగం, గాజుపెట్టె భాగం, ఇలా. తరువాత ఏళ్ళ తరబడి వచ్చిన ప్రతిదాన్నీ ఈ మూడింటికి పైనో కిందో పెట్టడమే మా పని.

మా ఊరు కోదాడ నుంచి చిలుకూరు వెళ్ళే దారిలో ఉండేది. నాన్న పొద్దున కోడి కంటే ముందు లేచి గుడి చాపలు దులిపేవారు. ఆ దుమ్ము, అమ్మ పొయ్యిలో తుమ్మకట్టెల పొగ, రాత్రి ఆరిపోయిన కిరోసిన్ దీపం వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇంటికి తెల్లవారినట్టు. చాప మీద మోకరించి కుటుంబ ప్రార్థన. అందులో మా మేనత్తవాళ్ళ బర్రె ఈనడం దగ్గర నుంచి దేశాన్ని ఏలేవాళ్ళ దాకా అందరూ వచ్చేవాళ్ళు. ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారానికి ముందు రోజు నాన్న చిన్న చిన్న గిన్నెలను చింతపండుతో తానే తోమేవారు, ఆ పని ఎవరికీ ఇచ్చేవారు కాదు. సినిమా మా ఇంట్లో నిషేధం. ఆ మాట ఎవరూ పైకి అనవలసిన అవసరం కూడా ఉండేది కాదు.

అమ్మది సరిహద్దు అవతలి ఊరు, మాట కొంచెం వేరు, మనసు కూడా కొంచెం వేరు. క్రిస్మస్‌కు బట్టలు కుట్టించుకురమ్మని అక్కనీ నన్నూ కోదాడ పంపినప్పుడు, దర్జీ సాయంత్రం రమ్మంటాడని ఆమెకు తెలుసు. “ఊరికే ఎండలో నిలబడకండి, ఎక్కడైనా నీడపట్టున కూర్చోండి,” అని డబ్బులు చేతిలో పెట్టి, “ఎక్కడ కూర్చున్నారో వచ్చి నాకు చెప్పాలి సుమా, వివరంగా,” అంది. నీడపట్టు అంటే టాకీసు అని మా ముగ్గురికీ అర్థమైంది.

ఆ రోజు మేము చూసింది ఇది. మంటల్లో చిక్కుకున్న ఓడ, పగిలిపోతున్న చుక్కాని. ఓడమ్మ కాలిపోతున్న ఇనుప పిడిని వట్టి చేత్తో పట్టుకుని, అందరూ బయటపడేదాకా వదలదు. తరువాత కుప్పకూలి చనిపోతుంది. కాలిన అరచేయి పైకి ఉండేట్టు పడుకోబెట్టి, ఆమెను ఒక గాజుపెట్టెలో పెట్టి మూత వేస్తారు. లైట్లు వేశారు, విశ్రాంతి. ఆడవాళ్ళ బెంచీల్లో ముక్కు చీదని మనిషి లేదు. పల్లీలమ్మేవాడు కూడా గట్టిగా అరవలేదు. మళ్ళీ లైట్లు ఆర్పారు. ఏవో పేర్లు పడ్డాయి. పరాయి దేశం వాళ్ళు పేర్లు మధ్యలో వేస్తారేమో అనుకున్నాం. ఆ తరువాత అదే గాజుపెట్టె. పొగమంచు తొలగింది, మూత తెరుచుకుంది. ఓడమ్మ కళ్ళు తెరిచి, మీద పడుతున్న వెలుగుకు అరచేయి అడ్డం పెట్టుకుని, లేచి కూర్చుంది.

టాకీసంతా లేచి నిలబడింది. నేను ఆ తరువాత ఎన్నో కూటాలకు వెళ్ళాను, గొప్ప ప్రసంగాలు విన్నాను, కానీ ఒక గుంపంతా ఒక్కసారిగా అంత సంతోషంగా లేవడం మళ్ళీ చూడలేదు. మిగతా కథంతా ఓడమ్మ హాయిగా తన మనుషులను వెంటేసుకుని కొత్త ప్రయాణానికి బయలుదేరడమే. అమ్మకు ఆ రాత్రి వంటగదిలో కథంతా చెప్పాం. అమ్మ గరిటె పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది.

క్రిస్మస్‌కు మేనత్త కొడుకు సాల్మన్ మిర్యాలగూడ నుంచి వచ్చాడు. వాళ్ళ ఇల్లు రైస్ మిల్లుల పక్కన. అతని బట్టలు కూడా ఉడికిన వడ్ల వాసన వేసేవి. అతను కూడా అదే సినిమా చూశాడు, వాళ్ళ ఊళ్ళో. పెరట్లో మేము ముగ్గురం వాదులాడుకుంటుంటే, కొంచెం దూరంలో నాన్న గిన్నెలు తోముతున్నారు.

“సచ్చింది. పెట్టెల పెట్టిన్రు. మూత పెట్టిన్రు. ఖతం,” అన్నాడు సాల్మన్.

“మూత తెరుసుకున్నది, లేసి కూసున్నది. నా కండ్లతోని సూసిన,” అంది అక్క.

“లేవలే సుగుణా. సచ్చినోళ్ళు ఎట్ల లేస్తరు?”

ఆ మాటతో నాన్న తోమడం ఆపారు. ఆయన మొహం వెలిగిపోయింది. పండుగ రోజుల్లో పిల్లలు ఆటలు మాని బైబిలు వాక్యం గురించి తర్కించుకుంటున్నారని అనుకున్నారు. చేతులు కడుక్కోకుండానే వచ్చి మా మధ్య కూర్చున్నారు.

“లేసింది సాల్మన్, ఎందుకు లేవదు? ఆ అధికారి బిడ్డే కదా. ప్రభువు చెయ్యి పట్టుకొని లెమ్మన్నడు, లేసింది. లేసినంక ఆ పిల్లకు తిన పెట్టున్రి అన్నడు. గంత వివరంగ ఉన్నది.”

సాల్మన్‌కు ఏమీ అర్థం కాలేదు. “తిన్నదా? మా దగ్గర ఆ సీను కట్ చేసిన్రు గావచ్చు మామా. అయినా గాజుపెట్టెల పండినోళ్ళు...”

“గాజుపెట్టె ఏడిది?” అన్నారు నాన్న.

పొయ్యి దగ్గర అమ్మ చేతిలోంచి ఏదో జారి పడింది.

“వాక్యంల గాజుపెట్టె ఏడున్నది సుగుణా?” నాన్న మళ్ళీ అడిగారు. తరువాత చాలా మెల్లగా, “ఏ టాకీసుల?” అన్నారు.

అక్క అబద్ధం ఆడలేదు. కథంతా చెప్పింది. నాన్న గిన్నెలు తెచ్చుకుని తుడుచుకుంటూ విన్నారు. మధ్యలో రెండుసార్లు తుడవడం మరిచిపోయారు. అంతా అయ్యాక ఆయన అడిగింది ఒకటే.

“లేసినంక చెయ్యి సూపించిందా?”

“వెలుగు పడ్తుంటే గిట్ల అడ్డం పెట్టుకున్నది నాన్నా.”

“ఆ చేతికి మచ్చ ఉన్నదా?”

“ఉన్నది,” అంది అక్క.

“లేదు,” అన్నాడు సాల్మన్. “ఉత్త చెయ్యి. నున్నగ ఉన్నది. అది మొదట్ల వచ్చే సీను మామా, అప్పటికి ఇంక కాలనే లేదు.”

నన్ను అడిగారు. నేను చేతిని చూశాను గానీ మచ్చ ఉందో లేదో చూడలేదు. అదే చెప్పాను.

“మచ్చ లేకుంటే అది నిద్రవోయి లేసుడు,” అన్నారు నాన్న. “మచ్చతోని లేస్తేనే లేసినట్టు. సినిమాకు పోవుడు తప్పు. గుడి ముందల ముగ్గురు కలిసి ఊడ్వున్రి. నిజం చెప్పిన్రు గనక అన్నం తిని ఊడ్వున్రి.”

గుట్టు ఏమిటో తరువాత తెలిసింది, సూర్యాపేట కాలేజీలో నాతో చదివిన యాదగిరి వల్ల. వాళ్ళ చిన్నాన్న అక్కడి టాకీసులో ప్రొజెక్టర్ నడిపేవాడు. బస్సు మీద వచ్చిన రీళ్ళ డబ్బాలను కోదాడలో తారుమారు చేశారట. రెండో సగం ముందు, మొదటి సగం వెనక. ఓడవాళ్ళు దూరప్రయాణంలో గాజుపెట్టెల్లో నిద్రపోతారు, సినిమా మొదలయ్యేది వాళ్ళు నిద్ర లేవడంతో. మేము పునరుత్థానం అనుకున్నది అది. మొదటి ఆటకే తప్పు తెలిసినా, జనం నవ్వుకుంటూ బయటికి పోతున్నారని ఆ టాకీసు ఆసామి అలాగే వేయించాడట, ఆడినన్ని రోజులూ. మూడు ఊళ్ళకూ వచ్చింది ఒకే సినిమా, మా కోదాడ వాళ్ళు మాత్రం వేరే సినిమా చూశారు.

అక్కడ మొదలైంది లొల్లి. సూర్యాపేట బస్టాండు పక్క హోటల్లో చాయ్ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళం. బావకు ఇసుక భాగం మొదటిది. ఉన్న కాసిన్ని నీళ్ళను పంచుకుని తాగే కథ, అందులో అబద్ధం లేదంటాడు. గాజుపెట్టె భాగం అన్నిటికన్నా కింద. యాదగిరికి కవలల భాగం. “ఒక్క టికెట్‌కు ఇద్దరు హీరోలు, ఇంకేం గావాలె?” అంటాడు. నేను ఏ యేడు ఏది చెప్పానో నాకే గుర్తు లేదు. అక్క మాత్రం ఒక్కనాడు కూడా మారలేదు. గాజుపెట్టె మొదటిది, మిగతావి దాని వెనక.

“మీ కోదాడల పిల్లలు గూడ కాళ్ళు ముందుగల్ల పెట్టి పుడ్తరా సుగుణా?” అనేవాడు బావ.

“మీ మిర్యాలగూడల వడ్లు ఉడకవెట్టి ఉడకవెట్టి బుర్రలు గూడ ఉడకవెట్టుకున్నరు బావా,” అనేది అక్క.

వాళ్ళిద్దరికీ పెళ్ళి కుదిరినప్పుడు మాకెవరికీ ఆశ్చర్యం కలగలేదు. నాన్నే పెళ్ళి చేశారు. విందులో బావ లడ్డూ అక్క నోటి దగ్గర పెడితే అక్క నోరు తెరవలేదు. “మచ్చ ఉన్నదను, తింట,” అంది. బావ నవ్వి లడ్డూ తానే తినేశాడు. అలా గడిచింది వాళ్ళ కాపురం. కూరలో ఉప్పు ఎక్కువైనా, కరెంటు పోయినా, ఎస్తేరుకు పరీక్షలో మార్కులు తగ్గినా ఆ మాట వచ్చేది. ఆమె “ఉన్నదను” అనేది, ఆయన అనేవాడు కాదు. మధ్యలో సీడీలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, ఆ భాగాన్ని తెప్పించుకుని చూసి తేల్చుకోవచ్చు. ఇద్దరూ ఆ పని చేయలేదు. తేలిపోతే ఇంక మాట్లాడుకోవడానికి ఏముంటుందని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఇప్పుడు మాకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. మూడు ఊళ్ళ ఓడ అభిమానులు, ఎక్కువమంది మా పిల్లల వయసువాళ్ళు. కొత్త భాగం వచ్చిన సాయంత్రానికల్లా ఎనిమిదింటికీ వరుస పెట్టేస్తారు, మార్కులు వేస్తారు, ఒప్పుకోని వాళ్ళను తిడతారు, తెల్లారేసరికి మరిచిపోతారు. వాళ్ళ తప్పు అనను. కానీ చదువుతుంటే అలసట వస్తుంది. మాకు ఒక్క సినిమా ఉండేది, దాన్ని మళ్ళీ చూసే దారి లేదు. చూసినదాన్ని నమ్ముకుని బతకాలి, చూడనివాడికి సాక్ష్యం చెప్పాలి. నేను గుడిలో నేర్చుకున్నదీ అదే పని. ఇవాళ ఏ సందేహం వచ్చినా వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. ఆ సుఖంతో పాటు ఏదో పోయింది. అదేమిటో సంఘంలో చెప్పబోతే నా మాటలు నాకే పాతబడినట్టు వినిపిస్తాయి, మధ్యలో ఆపేసి కూర్చుంటాను.

ఎస్తేరు ఫోన్లో గొంతు తగ్గించి చెప్పిన మాట ఇది. దవాఖానాలో ఆఖరి రోజుల్లో అక్క చేతికి సూదులు గుచ్చి గుచ్చి నల్లగా కమిలిపోయిందట. ఒక మధ్యాహ్నం ట్యూబులైటు కళ్ళలో పడుతుంటే ఆ చేయి అడ్డం పెట్టుకుని, బావను చూసి నవ్విందట. “సూడు బావా. ఇప్పుడన్న ఉన్నదను.” బావ ఆ చేయి పట్టుకుని, “ఇంటికొచ్చినంక చెప్త,” అన్నాడట. ఆ మాట అనేస్తే ఆమె వెళ్ళిపోతుందని భయపడి ఉంటాడు. అక్క ఇంటికి వచ్చింది గానీ వినే స్థితిలో రాలేదు.

యాదగిరి సూర్యాపేట నుంచి, నేను కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా, ఒక శనివారం మధ్యాహ్నానికి మిర్యాలగూడ చేరాం. వీధి మొదట్లోనే ఉడికిన వడ్ల వాసన. బావ చిక్కిపోయాడు. కొత్త సినిమాకు పోదాం రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

“సాల్మనన్నా, కవలల భాగాన్ని ఎనిమిదోది కొట్టిందంటున్నరు పోరలు. నువ్వు ఊకుంటవా?” అన్నాడు యాదగిరి.

బావ ఊరుకున్నాడు. ఎస్తేరు వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. నాకు ఏ వాక్యమూ తోచలేదు. ఓదార్చే మాటలు ఎన్నో ఇళ్ళలో చెప్పినవాణ్ణి, చెల్లెళ్ళకు, తల్లులకు, సమాధుల దగ్గర. మా ఇంట్లోకి వచ్చేసరికి అవన్నీ ఎవరివో బట్టల్లా ఉన్నాయి. అప్పుడు యాదగిరి జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. “గాజుపెట్టె తెచ్చిన. గంతే. పెట్టుమంటే పెడ్త, లేకుంటే పోత.”

బావ దాన్ని ఎస్తేరు వైపు జరిపాడు. ఎస్తేరు టీవీకి పెట్టింది. తెర మీద పేర్లు పడటం మొదలవగానే బావ మొదటిసారి నోరు విప్పాడు.

“ఆపు బిడ్డా. రెండో సగం ముందుగల్ల పెట్టు. మీ అమ్మ వరుసల పెట్టు.”

చిన్నప్పటి నుంచి సరైన వరుస కోసం కొట్లాడిన మనిషి. మంటలు, చుక్కాని, కాలుతున్న పిడి. ఓడమ్మ చనిపోయింది. మూత పడింది. ఎస్తేరు టీవీ ఆపి చాయ్ పెట్టింది. “ఇంటర్వెల్,” అన్నాడు యాదగిరి, “పల్లీలు లేవా ఈ టాకీసుల?” బావ మూతి కొంచెం కదిలింది. నవ్వు అనను.

తరువాత మొదటి సగం. పొగమంచు తొలగింది, మూత తెరుచుకుంది. ఓడమ్మ వెలుగుకు అరచేయి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే ఎస్తేరు అక్కడ ఆపింది. ఇప్పటి టీవీలో బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందంటే, మేము టాకీసులో చూసింది నీడ మాత్రమేనని తెలిసింది. అరచేతికి అడ్డంగా, పిడి ఉండే చోట, గోధుమరంగు చార ఒకటి. కడిగినా పూర్తిగా పోనిది.

యాదగిరి తల గోక్కున్నాడు. “సినిమాలు వరుసగ తియ్యరన్నా. వీలైన సీను ముందు తీస్తరు. సావు సీను ముందు తీసి, లేసుడు తర్వాత తీసిన్రేమో. రంగు కడిగినా పోలే.” తన మాట తనకే వింతగా తోచినట్టు అన్నాడు. “అంటే తీసినోళ్ళు గూడ కోదాడ వరుసల్నే తీసిన్రు.”

బావ లేచాడు. టీవీ దగ్గరికి వెళ్ళి, ఆ చార మీద చూపుడు వేలు పెట్టాడు. అలాగే నిలబడ్డాడు. నాకు మా నాన్న గుర్తుకొచ్చారు, తుడవడం మరిచిపోయిన గిన్నెతో. అది రంగు అని నాకు తెలుసు. ఒక నటి చేతికి ఎవరో పూసి, సరిగా కడగని రంగు. దాని మీద నా విశ్వాసం నిలబడి లేదు, బావను దాని మీద నిలబెట్టాలనీ నాకు లేదు. కానీ అక్క అబద్ధం చెప్పలేదు. ఆ రోజు టాకీసులో నేను చూడనిది ఆమె చూసింది.

బయలుదేరే ముందు ప్రార్థన చేసుకోవడం మా ఇళ్ళలో అలవాటు. చేయనా అని అడగలేదు, కళ్ళు మూసుకున్నాను. యాదగిరి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, మా ఇళ్ళలో ఎప్పుడూ నిలబడేట్టే. నాకు పెద్ద ప్రార్థన రాలేదు. అలసిపోయాం ప్రభువా, ఆమె నీ దగ్గర ఉంది, ఈ ఇంటిని విడువకు, ఇంతే. ఎస్తేరు ఆమెన్ అంది. నేను అన్నాను. తరువాత, అందరం కళ్ళు తెరిచేశాక, బావ గొంతు వినిపించింది. టీవీలో ఆగి ఉన్న చేతిని చూస్తూ, ఆమెన్ అనవలసిన చోట ఆయన వేరే మాట అన్నాడు.

“ఉన్నది.”

బావ మరుసటి ఆదివారం గుడికి వెళ్ళలేదట. ఆ తరువాతి ఆదివారం కూడా వెళ్ళలేదట. వెళ్తాడో లేదో నాకు తెలియదు. కానీ ఆ ఒక్క మాట పైకి వినబడిందని నమ్ముతున్నాను, ప్రభువు, అక్క ఇద్దరూ విన్నారని నమ్ముతున్నాను. దీన్ని చదువుతున్న మీరు ఎక్కడ ఉన్నా, ఏ ఆలయానికి వెళ్ళేవారైనా, ఒక్క నిమిషం నాతో పాటు తల వంచండి. మిర్యాలగూడలో మిల్లుల పక్క ఇంట్లో కూర్చుని ఉన్న సాల్మన్ కోసం, ఆయనకు చాయ్ పెట్టి ఇస్తున్న ఎస్తేరు కోసం, చెప్పవలసిన మాటను ఇంటికి వెళ్ళాక చెబుదామని దాచుకున్న వాళ్ళందరి కోసం అడగండి. ముగించేటప్పుడు ఆమెన్ రాకపోతే, మీకు వచ్చిన మాటతోనే ముగించండి.